మీది ఏ జిల్లా అంటే ఏం చెప్పాలి?



పోస్ట్ కొంచెం పొడుగే. హాస్టల్లో సిగ్నల్ ఉన్నప్పుడు తెరిచి పెట్టుకుని, తీరిక దొరికినప్పుడు చదవండి. మొన్న గ్రూపులో జిల్లాల మీద జరిగిన గొడవ మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. సగం మంది "జిల్లా వచ్చింది, సంబరం చేసుకుందాం" అన్నారు. మిగతా సగం "వచ్చి మనకేం ఒరిగింది" అన్నారు. మధ్యలో ఎవరో ఒక స్టిక్కర్ పెట్టారు, ఇంకెవరో ఎగ్జిట్ అయిపోయారు. అది అక్కడ ఆగిపోకూడదనిపించి శబరి ఒడ్డు ఊళ్ళ వాళ్ళం నలుగురం కూర్చుని ఇది రాశాం. నలుగురికీ అన్ని విషయాల్లో ఒక్కమాట కుదరలేదు. కుదిరినంత వరకే ఇక్కడ "మేము" అంటున్నాం.

ముందు మాలో ఒకడికి జరిగింది చెప్తాం. నవ్వుకోండి, పర్లేదు, వాడు కూడా ఇప్పుడు నవ్వుతున్నాడు. సర్టిఫికెట్ల వెరిఫికేషన్‌కి వెళ్ళాడు. లోకల్ అని రుజువు కావాలంటే నాలుగో తరగతి నుంచి పది దాకా ఏడేళ్ళ స్టడీ సర్టిఫికెట్లు పెట్టాలి కదా, పెట్టాడు. నాలుగో తరగతి కాగితం మీద ఖమ్మం జిల్లా. ఆరు నుంచి పది దాకా తూర్పు గోదావరి జిల్లా. కుల ధ్రువీకరణ పత్రం మీద కూడా తూర్పు గోదావరే. ఆధార్‌లో అడ్రస్ మార్పించుకున్నాడు కాబట్టి అందులో అల్లూరి సీతారామరాజు జిల్లా. కౌంటర్లో ఉన్నాయన అన్నీ తిప్పి తిప్పి చూసి, "బాబూ, మీ నాన్నది ట్రాన్స్‌ఫర్ల ఉద్యోగమా?" అని అడిగాడు. వాళ్ళ నాన్న పోడు చేస్తాడు, తునికాకు సీజన్లో ఆకు కోస్తాడు. పుట్టిన ఊరు దాటి నెల రోజులు ఎక్కడా ఉన్న మనిషి కాదు. "ఊరు ఒక్కటే సార్, జిల్లాలే మారినయ్" అని వీడు చెప్తే, "అట్లా ఎట్లా కుదురుద్ది, ఎమ్మార్వో దగ్గర లెటర్ పట్రా" అన్నాడు. లెటర్ కోసం రెండు రోజులు, చార్జీలకు అప్పు. ఆ రెండు రోజుల్లో సీటు పోయి ఉంటే ఈ కథ నవ్వుకుంటూ రాసేవాళ్ళం కాదు.

ఆ ఆఫీసు ఏదో ఇక్కడ అనవసరం. ఆయన తప్పు కూడా పెద్దగా లేదు. ఆయన ముందున్న కంప్యూటర్లో జిల్లా అని ఒకే గడి ఉంది. మన బతుకులో నాలుగున్నాయి.

అసలు మా ఊళ్ళు ఎన్ని జిల్లాలు తిరిగాయో లెక్క తీశాం. గోదావరికి ఎడమ ఒడ్డున ఉన్న చింతూరు, కూనవరం, వీఆర్ పురం, భద్రాచలం చుట్టుపక్కల ఊళ్ళ సంగతి ఇది. కుడి ఒడ్డున కుక్కునూరు, వేలేరుపాడు కథ వేరు, వాళ్ళు నైజాం పాలన కింద పాల్వంచ వైపు ఉన్నవాళ్ళు. మా వైపు భూమిని 1860లో నిజాం ఇంగ్లీషోళ్ళకి ఇచ్చేశాడు. వాళ్ళు దాన్ని ఎగువ గోదావరి జిల్లా అన్నారు, సెంట్రల్ ప్రావిన్సెస్‌లో కలిపారు. 1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలను అక్కడి నుంచి తీసి మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాలో కలిపారు. 1925లో పశ్చిమ గోదావరిని విడదీస్తే మా వైపు తూర్పు గోదావరి అయింది. 1959లో ఖమ్మం జిల్లాలో కలిపారు. 2014 మేలో ఆర్డినెన్స్, జులైలో పార్లమెంటులో చట్టం, పోలవరం ముంపు పేరుతో మళ్ళీ తూర్పు గోదావరి. ఈసారి రాష్ట్రం కూడా మారింది. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా అల్లూరి జిల్లా. 2025 ఆఖర్న దాన్నీ విడదీసి రంపచోడవరం కేంద్రంగా పోలవరం జిల్లా.

మా తాతలు తూర్పు గోదావరిలో పుట్టారు, నాన్నలు ఖమ్మంలో పుట్టారు, మేం పదో తరగతి మళ్ళీ తూర్పు గోదావరిలో పాసయ్యాం. ముగ్గురూ పుట్టింది ఒకటే గుడిసె పక్కన.

ఆ చివరి పేరు గురించి ఒక్క మాట. డ్యామ్ నీళ్ళు ఎవరి ఊళ్ళను ముంచుతాయో వాళ్ళ జిల్లాకే ఆ డ్యామ్ పేరు పెట్టారు. పేరు పెట్టినోళ్ళకి ఇది తట్టిందో లేదో మాకు అర్థం కాలేదు. మా ఇంట్లో ముసలమ్మకి చెప్తే ఆమె నవ్వలేదు.

ఇదంతా ఎందుకు తవ్వుతున్నారు, పేరు మారితే పోయేదేముంది అని అడగొచ్చు. గ్రూపులో ఒక అన్న అడిగాడు కూడా. పోయేదేముందో 1879 చెప్పుద్ది. రంప ఫితూరీ అనగానే మనకి రంపచోడవరం వైపు ముఠాదారులు, కల్లు మీద పన్ను గుర్తొస్తాయి. కానీ అదే ఏడాది ఆ తిరుగుబాటు రేకపల్లి వైపు కూడా పాకింది. ఎందుకు పాకిందో చూడండి. అప్పటికి అయిదేళ్ళ క్రితమే ఆ ప్రాంతాన్ని సెంట్రల్ ప్రావిన్సెస్ నుంచి మద్రాసుకి మార్చారు. మారాక పోడు మీద పన్ను పెరిగింది, కొన్ని అడవుల్లో పోడే కొట్టొద్దన్నారు. కొండమీద మనిషి ఎక్కడికీ పోలేదు. ఆయన మీద అధికారం చేసే ఊరు మారింది, దాంతో గొడ్డలికి కట్టే డబ్బు మారింది. జిల్లా హద్దు మారడమంటే బోర్డు మీద పేరు మారడం మాత్రమే కాదని మనవాళ్ళకి అప్పుడే తెలుసు.

అసలు జిల్లా అంటే ఏంటి? మనం పాలిటీ పుస్తకంలో కేంద్రం, రాష్ట్రం, వాటి జాబితాలు అని బట్టీ కొడతాం. కేంద్రానికి ఒక జాబితా, రాష్ట్రానికి ఒక జాబితా, ఇద్దరికీ కలిపి ఒకటి. జిల్లాకి ఏ జాబితా ఉంది? లేదు. జిల్లాకి సొంతంగా చట్టం చేసే అధికారం లేదు. పైనున్న ప్రభుత్వం పని కిందికి చేరడానికి వేసుకున్న మెట్టు అది. రాష్ట్రం హద్దు మార్చాలంటే రాజ్యాంగంలో మూడో అధికరణం ప్రకారం పార్లమెంటు చట్టం చేయాలి. జిల్లా హద్దు మార్చాలంటే 1974 నాటి జిల్లాల ఏర్పాటు చట్టం కింద రాష్ట్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ఇస్తే చాలు. అభ్యంతరాలు చెప్పడానికి 30 రోజులు గడువిస్తారు. ఆ నోటిఫికేషన్ గెజిట్‌లో వస్తుంది. గెజిట్ మన సంతకి రాదు.

తెలంగాణలో 2016 దసరా రోజున 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో ములుగు, నారాయణపేట కలిసి 33 అయ్యాయి. ఆంధ్రలో 2022లో 13 కాస్తా 26 అయ్యాయి. రెండు చోట్లా ఒకటే మాట చెప్పారు, పాలన ప్రజలకు దగ్గరవుతుందని. నిజమే, కొంత దగ్గరైంది కూడా, ఆ మాట దాచం. బెజ్జూరు వైపు వాళ్ళు ఒకప్పుడు కలెక్టర్ దగ్గరికి ఆదిలాబాద్ దాకా పోవాలి, ఇప్పుడు ఆసిఫాబాద్ చాలు. ఆ జిల్లాకి కుమ్రం భీం పేరు ఉందంటే మాకు గర్వమే. పాడేరు, అరకు వాళ్ళు విశాఖ దిగకుండా పాడేరులోనే కలెక్టరాఫీసు చూస్తున్నారు. కానీ అదే 2022లో చింతూరు వాళ్ళకి కాకినాడ పోయి పాడేరు వచ్చింది. మ్యాప్‌లో చూస్తే ఒకే ఏజెన్సీ, ఒకే రంగు. బస్సెక్కితే తెలుస్తుంది ఒక పగలంతా ప్రయాణమని. అర్జీ ఇవ్వడానికి పోయినవాడు ఆ రాత్రి ఎక్కడ పడుకోవాలి? ఆ మ్యాప్ గీసినవాళ్ళు సీలేరు ఘాట్‌లో ఒక్కసారి బస్సులో వచ్చి ఉంటే అట్లా గీసేవాళ్ళు కాదు. రంపచోడవరం కేంద్రం అయ్యాక ఇది కొంత తగ్గింది, అందుకే కొత్త జిల్లాని వద్దని మేం అనం. మా వైపు జనానికి సంతకి, ఆస్పత్రికి, బస్సుకి అసలు ఊరు భద్రాచలం. అదేమో ఇంకో రాష్ట్రంలో ఉంది. దానికి ఆనుకుని ఉన్న ఎటపాక, పురుషోత్తపట్నం, గుండాల లాంటి పంచాయతీలు మమ్మల్ని తెలంగాణలోనే కలపండని ఎన్నేళ్ళుగా అడుగుతున్నాయో మీకు తెలుసు.

అసలు పాయింట్ ఇక్కడ మొదలవుతుంది. జిల్లా వచ్చింది అన్నప్పుడు ఏమేం వచ్చాయి, ఏమేం రాలేదు?

కలెక్టర్ వచ్చారు. ఎస్పీ వచ్చారు. ఒక్కో శాఖకి జిల్లా అధికారి వచ్చారు, చాలాచోట్ల అద్దె బిల్డింగుల్లోనో, ఖాళీ చేయించిన హాస్టల్ గదుల్లోనో. మరి మనం ఓటేసి ఎన్నుకునేది? జిల్లా పరిషత్. ఆంధ్రలో 26 జిల్లాలు చేసినప్పుడు జిల్లా పరిషత్తులను మాత్రం పాత 13గానే ఉంచారు. అంటే అల్లూరి జిల్లా అని ఒకటి ఉంది కానీ అల్లూరి జిల్లా పరిషత్ అని ఒకటి లేదు. పాడేరు వైపు జడ్పీటీసీలు విశాఖ జడ్పీలో కూర్చున్నారు, రంప, చింతూరు వైపు వాళ్ళు కాకినాడలో కూర్చున్నారు. పార్వతీపురం మన్యంలో కూడా అంతే, కొందరు విజయనగరం, పాలకొండ వైపు వాళ్ళు శ్రీకాకుళం. పైనుంచి వేసే అధికారి కొండెక్కాడు. కింది నుంచి ఎన్నుకున్నవాడు మైదానంలోనే మిగిలాడు.

ఇది చిన్న విషయం అనుకోవద్దు. 1996 పెసా చట్టం ఏం చెప్తుంది? షెడ్యూల్డ్ ఏరియాలో ఏ స్థాయి పంచాయతీలో అయినా సగానికి తగ్గకుండా సీట్లు ఎస్టీలవి, అధ్యక్ష పదవులన్నీ ఎస్టీలవే. అల్లూరి జిల్లా జనాభాలో నూటికి 80 మందికి పైగా మనవాళ్ళే, జిల్లా దాదాపు మొత్తం షెడ్యూల్డ్ ఏరియానే. అక్కడ విడిగా జడ్పీ పెట్టి ఉంటే దాని చైర్‌పర్సన్ ప్రతిసారీ ఆదివాసీయే, సభ్యుల్లో ఎక్కువమంది ఆదివాసీలే. కొండనీ మైదానాన్నీ కలిపిన పాత జడ్పీలో అయితే మనవాళ్ళు ఒక మూల. చైర్ పదవి రొటేషన్‌లో వస్తే వస్తుంది, లేకపోతే లేదు. తెలంగాణలో ఈ విషయంలో నయం, 2019లోనే కొత్త జిల్లాల వారీగా జడ్పీ ఎన్నికలు పెట్టారు. మరి ఆ జడ్పీలకు పని, డబ్బు ఎంత ఇచ్చారన్నది అక్కడి తమ్ముళ్ళే రాయాలి, వాళ్ళ దగ్గర వినాల్సింది చాలా ఉంది.

ఉద్యోగాలు చూడండి. 2025లో మెగా డీఎస్సీ ఏ జిల్లాల లెక్కన పెట్టారు? పాత 13 జిల్లాల లెక్కన. ఎందుకంటే లోకల్, నాన్‌లోకల్ లెక్క 371డి కింద ఇచ్చిన 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల మీద నడుస్తుంది, దాన్ని రాష్ట్రం ఒక జీవోతో మార్చలేదు. కాబట్టి కరెంటు బిల్లుకి మనం ఒక జిల్లా, ఉద్యోగానికి ఇంకో జిల్లా. చదువుకునే చోట ఇంకోటి. దీని మీద కోచింగ్ సెంటర్ వాళ్ళు కూడా సరిగ్గా చెప్పట్లేదు, అందుకే విడిగా రాస్తున్నాం. అప్లికేషన్ పెట్టేటప్పుడు నోటిఫికేషన్‌లో ఉన్న జిల్లా చూసుకోండి, ఆధార్‌లో ఉన్నది కాదు.

దీనికి తోడు జీవో 3 దెబ్బ. 2000 జనవరిలో వచ్చిన ఆ జీవోతో షెడ్యూల్డ్ ఏరియా బడుల్లో టీచర్ పోస్టులు నూటికి నూరూ స్థానిక ఎస్టీలకే ఉండేవి. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దాన్ని కొట్టేసింది. లాక్‌డౌన్‌లో ఇళ్ళల్లో కూర్చుని ఫోన్లో చదివాం ఆ వార్త. మన అక్కలు, అన్నలు ఎంతమంది ఆ జీవో వల్లే టీచర్లయ్యారో, మన భాషలో పాఠం చెప్పిన మొదటి టీచర్ ఎవరికి ఎట్లా దొరికిందో ఒక్కసారి గుర్తు చేసుకోండి. నూటికి నూరు ఇవ్వడం కుదరదని కోర్టు అన్నది. మరి ఎంత కుదురుద్దో, ఏ దారిలో కుదురుద్దో కూర్చుని తేల్చాల్సింది ప్రభుత్వాలు. కొత్త జిల్లా బోర్డుల మీద పెట్టిన శ్రద్ధలో పావు వంతు దాని మీద పెట్టి ఉంటే బాగుండేది.

ఇక ఐటీడీఏ. 1970లలో ట్రైబల్ సబ్‌ప్లాన్‌తో పాటు వచ్చింది. ఉట్నూరు ఐటీడీఏ ఒకప్పుడు ఒక జిల్లాకి. ఆదిలాబాద్ నాలుగు ముక్కలయ్యాక ఒకే పీవో, నలుగురు కలెక్టర్లు. అల్లూరి జిల్లాలో దానికి తిరగబడింది. 2025 ఆఖర్న విడదీసేదాకా ఒక కలెక్టర్ కింద పాడేరు, రంపచోడవరం, చింతూరు మూడు ఐటీడీఏలు ఉండేవి. ఐటీడీఏ పాలకమండలికి అధ్యక్షుడు కలెక్టరే. పీవోని మనం ఎన్నుకోం. కొంతమంది పీవోలు నిజంగా మంచోళ్ళు, మా బడికి బోరు వేయించిన ఆయన పేరు మా ఊళ్ళో ఇంకా చెప్పుకుంటారు. కానీ మంచి పీవో వస్తే పని, బదిలీ అయితే మళ్ళీ మొదటికి. దాన్ని పరిపాలన అనలేం, అదృష్టం అనాలి.

ఏజెన్సీ అనే మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసు కదా? 1839 చట్టంతో గంజాం, విశాఖ కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల నుంచి తప్పించి, కలెక్టర్ని గవర్నర్‌కి ఏజెంట్‌గా పెట్టారు. ఏజెంట్ పాలించే చోటు కాబట్టి ఏజెన్సీ. ఇన్నేళ్ళయినా మన ప్రాంతం పేరు మన మీద కాదు, మనల్ని పాలించేవాడి ఉద్యోగం మీద ఉంది.

ఇక్కడ రెండు హద్దుల్ని కలిపేసుకోవద్దని గట్టిగా చెప్పాలి, ఎందుకంటే మొన్న గ్రూపులో చాలామంది కలిపేశారు. జిల్లా హద్దు వేరు, షెడ్యూల్డ్ ఏరియా హద్దు వేరు. షెడ్యూల్డ్ ఏరియా అనేది అయిదో షెడ్యూల్ కింద రాష్ట్రపతి ప్రకటించింది, 1950 ఉత్తర్వులు దానికి మూలం. దాన్ని కలెక్టర్ మార్చలేడు, ముఖ్యమంత్రి మార్చలేడు. జిల్లా పేరు పది సార్లు మారినా 1/70 మీ పొలం మీద అట్లాగే ఉంటుంది. "జిల్లా మారింది కాబట్టి ఇక్కడ 1/70 వర్తించదు" అని ఎవడైనా మీ నాన్నతో అంటే ఆ మాట కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి, పెట్టడు. ములుగు జిల్లా మంగపేట మండలంలో 23 గ్రామాలు షెడ్యూల్డ్ ఏరియాలో ఉన్నాయా లేవా అని ఏళ్ళ తరబడి కోర్టులో నడిచింది. వాదనంతా పాత హద్దులు, పాత ఉత్తర్వుల మీదే. 2023లో తెలంగాణ హైకోర్టు అవి అయిదో షెడ్యూల్ గ్రామాలే అన్నది. పాత కాగితాల విలువ ఎంతో దీన్నిబట్టి తెలుసుకోండి. దాని గురించి ఆఖర్న ఒక పని చెప్తాం.

సరే, మరి మాకేం కావాలి? "ఇంకో జిల్లా కావాలి" అని మేం అడగట్లేదు. జిల్లా స్థాయిలో మన కౌన్సిల్ కావాలంటున్నాం. ఇది గొంతెమ్మ కోరిక కాదు, చట్టంలో ఉంది. పెసాలో నాలుగో సెక్షన్, ఓ క్లాజు. షెడ్యూల్డ్ ఏరియాల్లో జిల్లా స్థాయి పంచాయతీల పరిపాలన ఏర్పాట్లు చేసేటప్పుడు రాష్ట్ర శాసనసభ ఆరో షెడ్యూల్ నమూనాని అనుసరించడానికి ప్రయత్నించాలి అని. గ్రామసభ గురించి మనం మీటింగుల్లో చాలా మాట్లాడతాం, మంచిదే. ఈ ఓ క్లాజు గురించి మాట్లాడేవాళ్ళు చాలా తక్కువ. పెసా వచ్చి దాదాపు 30 ఏళ్ళు. ఉమ్మడి రాష్ట్రంలో పెసా రూల్స్ 2011లో వచ్చాయి. గ్రామసభ దాకా ఏదో కొంత వచ్చింది. జిల్లా మెట్టు మాత్రం ఖాళీగానే ఉంది.

ఆరో షెడ్యూల్ అంటే అస్సాం, మేఘాలయ, త్రిపుర, మిజోరంలో ఉన్నది. మొత్తం 10 స్వయంపాలక కౌన్సిళ్ళు. మన దేశంలో జిల్లా అనే మెట్టుకి సొంతంగా చట్టం చేసే అధికారం రాజ్యాంగం ఇచ్చింది అక్కడే. భూమి వాడకం, రిజర్వు కాని అడవి, పోడు పద్ధతి, గ్రామ పాలన, వారసత్వం, పెళ్ళి, ఆచారాలు, వీటి మీద కౌన్సిల్ చట్టం చేయొచ్చు. గవర్నర్ ఆమోదం కావాలి. ప్రాథమిక బడులు నడపొచ్చు, కొన్ని పన్నులు వేసుకోవచ్చు, ఊరి తగాదాలకి కోర్టులు పెట్టుకోవచ్చు. మామూలుగా కౌన్సిల్లో 30 మంది దాకా ఉంటారు, బోడోలాండ్‌లో 46 దాకా. లడఖ్ వాళ్ళు ఇన్నేళ్ళుగా అడుగుతున్నది కూడా ఇదే షెడ్యూల్.

అక్కడ అంతా బాగుందని మేం చెప్పట్లేదు. మాలో ఒకరు దీని మీద గట్టిగా వాదించారు, ఆ వాదనలో బలం ఉంది. కౌన్సిల్ ఉన్నా డబ్బు ఎక్కువగా రాష్ట్రం చేతుల మీదుగానే రావాలి, అది ఆలస్యం చేస్తే జీతాలు కూడా ఆగుతాయి. పెద్ద తెగ ఉన్న చోట చిన్న తెగల గొంతు వినపడదు. బోడోలాండ్‌లో బోడోలు కాని వాళ్ళ భయం, వాళ్ళ గొడవ చిన్నది కాదు. రేపు మన దగ్గర కౌన్సిల్ వచ్చినా అందులో కోయలు, భగతలు, జాతాపులే నిండిపోయి కొండరెడ్డి, పోర్జ, గదబ వాళ్ళు బయట నిలబడితే అది ఎవరి స్వయంపాలన? ఈ ప్రశ్న మన గ్రూపులోనే అడగాలి, ఎందుకంటే మన గ్రూపులో కూడా పోస్టులు పెట్టేది ఎక్కువగా రెండు మూడు తెగల వాళ్ళమే. కొండరెడ్డి తమ్ముడు ఒకడు చదివి వెళ్ళిపోతాడు, ఎప్పుడూ రాయడు. అందుకే కౌన్సిల్ రూల్స్ రాసే రోజు చిన్న తెగలకి సీట్లు ముందే రాయాలి, తర్వాత చూద్దాం అనకూడదు.

ఇంకో వాదన కూడా విన్నాం. చిన్న జిల్లా అయితే ఆదాయం ఉండదు, సర్కారు మీద ఒత్తిడి చేసే బలం ఉండదు, మైదానంతో కలిసి ఉంటేనే నిధులు వస్తాయి అని. కలిసి ఉన్నప్పుడు ఎన్ని వచ్చాయో మన ఊరి రోడ్లని అడిగితే చెప్తాయి. అయినా ఆదాయం ప్రశ్న నిజమైనదే. మన కొండల్లో నీళ్ళున్నాయి, కరెంటు పుడుతుంది, ఖనిజం ఉంది. 1997 సమతా తీర్పు తర్వాత కూడా ఖనిజం మీద కన్నుపోలేదు. అందులో జిల్లా కౌన్సిల్‌కి ఇంత వాటా అని చట్టంలో రాస్తే పేద జిల్లా అనే మాట ఎంతకాలం నిలబడుతుందో చూద్దాం.

వీటిలో ముందు కుదిరేవి, తర్వాత కుదిరేవి ఉన్నాయి. ఆరో షెడ్యూల్ తరహా కౌన్సిల్ రేపటికి రాదు, మాకు తెలుసు. కానీ కొత్త జిల్లాలకి విడిగా జిల్లా పరిషత్ పెట్టడానికి ఏ రాజ్యాంగ సవరణా అక్కర్లేదు. పాత జడ్పీల గడువు అయిపోయేటప్పుడు అడగకపోతే ఇంకో అయిదేళ్ళు ఇంతే. షెడ్యూల్డ్ ఏరియాలో జిల్లా, మండలం హద్దు మార్చే ముందు 30 రోజుల గెజిట్ సరిపోదు, గ్రామసభ తీర్మానం కావాలని అడగాలి. 2014లో మమ్మల్ని రాష్ట్రం మార్చినప్పుడు గ్రామసభ పెట్టి అడిగినట్టు మా పెద్దోళ్ళలో ఒక్కరికి కూడా గుర్తు లేదు. సర్టిఫికెట్ల విషయానికొస్తే, ఈ ఊరు ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా ఫలానా జిల్లాలో ఉంది అని ఒక్కో గ్రామానికి ఒక పట్టిక ఉత్తర్వుగా ఇచ్చేస్తే చాలు. ఏ కౌంటర్లో అయినా అదే చూపిస్తాం. దానికి ఒక్క గుమస్తా, ఒక్క వారం చాలు. ఎమ్మార్వో లెటర్ కోసం ఒక్కో పిల్లాడు రెండేసి రోజులు తిరగక్కర్లేదు.

ఇందాక చెప్తామన్న పని ఇది. మాలో ఒకరి ఇంట్లో, చూరులో గుడ్డలో చుట్టి పెట్టిన పాత శిస్తు రసీదు దొరికింది. చెదలు కొంత తినేశాయి. తూర్పు గోదావరి జిల్లా, భద్రాచలం తాలూకా అని మాత్రం స్పష్టంగా కనిపిస్తోంది. అంటే 1959కి ముందుది. వాళ్ళ తాత ఆ పొలం దున్నుతున్నాడనడానికి ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కాగితం అది. ముంపు సర్వేకి వచ్చినోళ్ళు అడిగినప్పుడు అది ఉందని ఎవరికీ తెలీదు.

సంక్రాంతి సెలవులకో, వేసవి సెలవులకో ఇంటికి పోయినప్పుడు మీ ఇంట్లో కూడా వెతకండి. పాత శిస్తు రసీదులు, పట్టాలు, రేషన్ కార్డులు, బడి టీసీలు, జిల్లా పేరు, తాలూకా పేరు, తేదీ కనిపించేవి ఏవైనా. ముఖ్యంగా కూనవరం, వీఆర్ పురం, దేవీపట్నం ముంపు ఊళ్ళ వాళ్ళు వచ్చే వానాకాలం లోపు చూడండి, పోయిన వరదల్లో ఎన్ని కాగితాలు కొట్టుకుపోయాయో తెలుసు కదా. పగటి వెలుతురులో ఫోటో తీసి మాకు విడిగా పంపండి, గ్రూపులో పెట్టొద్దు. ఆధార్ నంబర్, సర్వే నంబర్ ఉంటే ఆ చోట కాగితం ముక్క అడ్డం పెట్టి తీయండి. అసలు కాగితం మాత్రం ఎవ్వరికీ ఇవ్వొద్దు, మాకు కూడా.